టామీ కూపర్ పడిపోయినప్పుడు

టామీ కూపర్ జోకుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. అటక మీద పాత సామాను సర్దుతుంటే ఒక వయొలిన్, ఒక పెయింటింగ్ దొరుకుతాయి. తీసుకెళ్లి తెలిసినాయనకి చూపిస్తాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, మీ దగ్గరున్నవి ఒక స్ట్రాడివేరియస్, ఒక రెంబ్రాంట్ అంటాడు. చిక్కేంటంటే, స్ట్రాడివేరియస్‌కి బొమ్మలు వెయ్యడం రాదు. రెంబ్రాంట్ చేసిన వయొలిన్లేమో పరమ చెత్త.

అంతే జోకు. ఇలా చదివితే పెదవి కొంచెం కదులుతుందేమో. కూపర్ చెప్తుంటే చూడాలి. ఆరడుగులు దాటిన మనిషి, పెద్ద పెద్ద చేతులు, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచనట్టు గాల్లో ఆడిస్తుంటాడు. నెత్తిన నల్ల కుచ్చున్న ఎర్ర ఫెజ్ టోపీ. జోకు ఆఖరికి వచ్చేసరికి అదేదో తనకీ ఇప్పుడే తెలిసినట్టు ఒక దగ్గులాంటి నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మనం నవ్వుతాం. జోకు ఏంటన్నది తర్వాత సంగతి.

మన తరానికి బ్రిటిష్ కామెడీ అంటే ముందు మిస్టర్ బీన్. తర్వాత టొరెంట్ల పుణ్యమా అని మాంటీ పైథాన్, ఫాల్టీ టవర్స్, ది ఆఫీస్. కూపర్ ఈ వరసలో సాధారణంగా తగలడు. ఆయన కామెడీలో వ్యంగ్యం లేదు, రాజకీయం లేదు, తెలివితేటల ప్రదర్శన అసలే లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో గొప్పగా చెప్పుకోవడానికి పనికొచ్చే సరుకు కాదు. ఆయనొక మెజీషియన్. ఏ ట్రిక్కూ సరిగ్గా రాని మెజీషియన్. బల్ల మీద ఒక సీసా, ఒక గ్లాసు పెట్టి, రెండిటి మీదా గొట్టాలు మూసి, ఇప్పుడివి తారుమారవుతాయి అంటాడు. గొట్టం లేపితే ఇంకో సీసా బయటపడుతుంది. కంగారుగా మూసేస్తాడు. మళ్లీ లేపితే మరొకటి. కాసేపటికి బల్ల నిండా సీసాలు. మధ్యలో ఎప్పుడో ఒక ట్రిక్ నిజంగానే పనిచేస్తుంది. అప్పుడు హాల్లో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయేది ఆయనే.

నిజానికి ఆయనకి మేజిక్ బాగా వచ్చు. లండన్‌లోని మేజిక్ సర్కిల్‌లో సభ్యుడు. ట్రిక్‌ని సరిగ్గా చెయ్యడం కంటే, సరిగ్గా కావలసిన చోట చెడగొట్టడం కష్టమని ఆ విద్య తెలిసినవాళ్లు చెప్తారు. 1921లో వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో పుట్టాడు. చిన్నప్పుడు అత్తయ్య ఒకావిడ మేజిక్ సామాను పెట్టె కొనిపెట్టింది. పదహారేళ్ల వయసులో ఓడలు కట్టే చోట పనికి చేరి, తోటి పనివాళ్ల ముందు మొదటిసారి ప్రదర్శన ఇస్తే అన్నీ తప్పాయి. నోరు పెగల్లేదు, చేతులు ఆడలేదు. జనం విరగబడి నవ్వారు. అవమానంతో దిగిపోయిన కుర్రాడికి తర్వాత మెల్లగా తట్టింది, వాళ్లు నవ్వారు కదా అని. తర్వాత సైన్యంలో ఏడేళ్లు. కైరోలో ఒక ప్రదర్శనకి పెట్టుకోవాల్సిన టోపీ మర్చిపోయి, పక్కనుంచి వెళ్తున్న వెయిటర్ నెత్తి మీది ఫెజ్ లాక్కుని పెట్టుకున్నాడట. అది మళ్లీ దిగలేదు.

ఇంకో విషయం చెప్పాలి, ఇది నా వృత్తికి సంబంధించిన సరదా. 2016లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్లు కూపర్ కాగితాలు, సామాన్లు తీసుకున్నారు. పెట్టెలకి పెట్టెలు. అందులో ఆయన జోకుల ఫైలు ఉంది. ఏ జోకు ఏ విషయం మీదో, వర్గాలు వేసి, అక్షర క్రమంలో, లైబ్రరీ వాళ్లు పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. స్టేజీ మీద తన జేబులో ఏముందో తనకే తెలియనట్టుండే మనిషి ఇంట్లో ఇంత శుభ్రమైన డేటాబేస్ నడిపాడు. ఆ గందరగోళం ఎంత కష్టపడి తయారు చేసిందో అది చూస్తే అర్థమవుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆయన పోయిన తీరు గురించి మాట్లాడాలంటే ఇది తెలియాలి.

1984 ఏప్రిల్ 15, ఆదివారం రాత్రి. లండన్‌లో హర్ మెజెస్టీస్ థియేటర్. అక్కడి నుంచి ఐటీవీలో ప్రత్యక్ష ప్రసారం. జిమ్మీ టార్బక్ అనే కమెడియన్ కార్యక్రమం నడిపిస్తున్నాడు. కూపర్ వంతు వచ్చింది. సహాయకురాలు ఆయనకి పెద్ద అంగీ తొడిగి పక్కకి తప్పుకుంది. తర్వాత జరగాల్సిన ట్రిక్ ఏంటంటే, టార్బక్ తెర వెనక దాక్కుని, కూపర్ కాళ్ల మధ్య నుంచి ఒక్కో వస్తువు అందిస్తుంటాడు. కూపర్ వాటిని అంగీలోంచి మాయగా తీస్తున్నట్టు తీస్తుంటాడు. వస్తువులు పెద్దవవుతూ పోతాయి. మోసం అందరికీ కనబడిపోతుంటుంది. అదే జోకు.

కూపర్ అక్కడే మెల్లగా కిందికి జారాడు. తెరకి ఆనుకుని కూలబడ్డాడు. హాలంతా నవ్వింది. ఆయన ఊపిరి కోసం తన్నుకుంటుంటే ఇంకా నవ్వింది. వెనక్కి ఒరిగిపోయాడు. నవ్వు ఆగలేదు. వెనకనున్న టార్బక్ కూడా ముందు ఇదేదో కొత్తగా కలిపిన ముక్క అనుకున్నాడు. కార్యక్రమం నడిపేవాళ్లకి అనుమానం వచ్చి ప్రకటనలకి వెళ్లిపోయారు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుండెపోటు. ఆయనకి 63 ఏళ్లు. అంతకు ఏడేళ్ల ముందు రోమ్‌లో ప్రదర్శన ఇస్తూ ఒకసారి గుండెపోటు తెచ్చుకుని బయటపడ్డవాడే.

ఆ హాల్లో ఉన్నవాళ్లు ఆ రాత్రి ఇంటికెళ్లి ఎలా నిద్రపోయి ఉంటారు? నన్ను కూపర్ జోకులకంటే ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇది. ఒక మనిషి కళ్లెదుట చనిపోతుంటే వాళ్లు నవ్వారు. టికెట్టు కొనుక్కుని, మంచి బట్టలేసుకుని వచ్చి, కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్లు తప్పు చేశారా?

వెంటనే వచ్చే జవాబు, లేదు, వాళ్లకి తెలియదు కదా అని. తెలియక చేసింది తప్పెలా అవుతుంది? ఈ జవాబు సరైనదే. కానీ ఇది సగం జవాబు అనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఇది ఆ నవ్వుని ఒక పొరపాటుగా, కళ్లు సరిగ్గా కనబడకపోవడం లాంటి లోపంగా చూస్తుంది. అది లోపం కాదు. ఆ హాల్లో కూపర్‌ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాళ్లే అందరికంటే ముందు నవ్వి ఉంటారు. ఆయన గురించి ఏమీ తెలియని విదేశీయుడెవడైనా ఉంటే వాడే ముందు లేచి, ఆయనకేదో అయ్యింది చూడండి అని ఉండేవాడు. ఆయన దగ్గర ఏదైనా తప్పిందంటే అది నవ్వడానికే అని ముప్పై ఏళ్లకి పైగా ఆ దేశానికి నేర్పింది ఎవరు? ఆయనే.

అరిస్టాటిల్ హాస్యం గురించి చెప్పింది చాలా తక్కువ. ఆ తక్కువలో ఒక మంచి మాట ఉంది. నవ్వు పుట్టించేది ఒక లోపమే, ఒక వికారమే, కానీ నొప్పి కలిగించనిది, ప్రాణం మీదికి తేనిది అంటాడు. అంటే పడిపోయే ప్రతి కమెడియన్‌కీ, చూసే మనకీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. నేను పడతాను, నాకు దెబ్బ తగలదు, నువ్వు నిశ్చింతగా నవ్వుకో అని. అరటి తొక్క మీద జారిన మనిషి లేవకపోతే అది జోకు కాదు. వాడు లేస్తాడన్న నమ్మకం మీదే నవ్వుతాం. కూపర్ పని మొత్తం ఈ ఒప్పందం మీదే నడిచింది. ఆ రాత్రి ఒప్పందం తప్పింది, కానీ ఇద్దరిలో ఎవరూ తప్పలేదు. గుండె తప్పింది. కాబట్టి ఆ నవ్వు క్రూరత్వం కాదు, అజ్ఞానం కూడా కాదు. అది ఒక రకమైన నమ్మకం. నువ్వు ఎంత పడినా లేస్తావు అన్న నమ్మకం.

(బెర్గ్‌సన్ 1900లో రాసిన నవ్వు పుస్తకంలో, నవ్వాలంటే గుండెకి కాసేపు మత్తుమందు ఇవ్వాలన్న అర్థంలో ఒక మాట ఉంది. బాగా పేరొచ్చిన మాటే గానీ నేనెప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. కూపర్‌ని చూసి నవ్వేవాళ్ల గుండెలు మొద్దుబారి ఉండవు. ఆయన మీద ప్రేమతో నిండి ఉంటాయి. బెర్గ్‌సన్ ఎగతాళి నవ్వు గురించి చెప్పింది అన్ని నవ్వులకీ అంటగట్టాడేమో.)

సరే, తప్పు లేదు. మరి ఆ హాల్లో కూర్చున్నవాడు ఇంటికెళ్లి హాయిగా పడుకోవచ్చా? ఇక్కడ బెర్నార్డ్ విలియమ్స్ ఉపయోగపడతాడు. ఆయన 1976లో ఒక వ్యాసంలో లారీ డ్రైవర్ ఉదాహరణ ఇచ్చాడు. డ్రైవర్ తప్పేమీ లేదు, జాగ్రత్తగానే నడుపుతున్నాడు. ఒక పిల్లాడు అడ్డొచ్చి లారీ కింద పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పేం లేదయ్యా అని ఓదారుస్తారు. ఓదార్చాలి కూడా. కానీ ఆ డ్రైవర్ వెంటనే, అవును నా తప్పేం లేదు, అని భుజాలు దులుపుకుని వెళ్లిపోతే? అతన్ని చూసి మనకి ఏదోలా ఉంటుంది. రోడ్డు పక్కన చూస్తూ నిలబడ్డవాడి బాధా, డ్రైవర్ బాధా ఒకటి కావు. తప్పు లేకపోయినా ఆ పని అతని చేతుల మీదుగా జరిగింది. ఈ బాధకి విలియమ్స్ ఒక పేరు కూడా పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే కర్తకి మాత్రమే ఉండే విచారం అనొచ్చు.

ఆ ప్రేక్షకులది ఈ విచారమే అయ్యుంటుందని నా ఊహ. దానికి క్షమాపణ చెప్పేదేమీ లేదు, చెప్పించుకునేవాళ్లూ లేరు. అయినా ఉంటుంది. ఉండాలి కూడా. అది లేనివాడి కంటే ఉన్నవాడు మంచి ప్రేక్షకుడు.

ప్రేక్షకుల వైపు నుంచి ఇంతవరకు చెప్పొచ్చు. కూపర్ వైపు నుంచి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ కొన్ని క్షణాల్లో ఆయన సాయం అడగాలనుకుని ఉంటే, ఎలా అడగాలి? చెయ్యి ఊపితే నవ్వుతారు. మూలిగితే నవ్వుతారు. నిజంగా చచ్చిపోతున్నాను అని అరిస్తే చప్పట్లు కూడా కొడతారు. ఈ కథని కీర్కెగార్డ్ ముందే రాసిపెట్టాడు. 1843లో వచ్చిన ఐదర్/ఆర్‌లో, నాటకశాల వెనక మంటలు లేస్తే హెచ్చరించడానికి విదూషకుడు పరిగెత్తుకుంటూ స్టేజీ మీదికి వస్తాడు. జనం హాస్యమనుకుని చప్పట్లు కొడతారు. వాడు మళ్లీ చెప్తాడు. ఇంకా గట్టిగా కొడతారు. కీర్కెగార్డ్ దాన్ని లోకం అంతమయ్యే తీరుకి ఒక ఉపమానంగా వాడుకున్నాడు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ విదూషకుడి మీదే దృష్టి. అతని నోటికి ఒక్క నిజం చెప్పే దారి కూడా మిగల్లేదు. ఇది ఉపమానం కూడా కాదు, 1976లో ఇంచుమించు ఇలాగే జరిగింది. క్యారీ ఆన్ సినిమాల సిడ్ జేమ్స్ సండర్‌లాండ్‌లో నాటకం ఆడుతూ సోఫాలో కుప్పకూలాడు. జనం నవ్వారు. ఇక్కడ డాక్టరెవరైనా ఉన్నారా అని స్టేజీ మీంచి అడిగితే దానికీ నవ్వారు.

నవ్వించేవాడి మాట ఎవరూ నమ్మరు. అతను తన కళకి కట్టే పన్ను ఇది. ఇది స్టేజీ వరకే ఉంటే వేరే సంగతి. ప్రతి ఆఫీసులో, ప్రతి స్నేహితుల గుంపులో ఒకడుంటాడు చూడండి, స్టాండప్ మీటింగ్‌లో వాడు నోరు తెరిస్తే చాలు అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. వాడు ఒకరోజు గ్రూపులో, ఇంక నావల్ల కావట్లేదురా, అని పెడతాడు. నిమిషంలో ఆరు నవ్వు ఎమోజీలు. వాడు కూడా మర్యాదకి ఏడోది పెడతాడు. అక్కడితో ఆ మాట మునిగిపోతుంది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. హర్ మెజెస్టీస్ థియేటర్ ప్రేక్షకుల లాంటి వాళ్లే. తేడా ఒక్కటే. థియేటర్లో ఉన్నవాళ్లకి లేచి వెళ్లి చూసే వీలు లేదు. ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకి ఉంది. అందుకే ఇక్కడ తెలియదు కదా అన్న జవాబు అంత తేలిగ్గా చెల్లదనుకుంటాను. తెలుసుకునే ఖర్చు ఒక ఫోన్ కాల్ అయినప్పుడు, తెలియకపోవడం అంత నిర్దోషం కాదు.

కూపర్ గురించి రాసేవాళ్లు ఇష్టంగా చెప్పే ఓదార్పు మాట ఒకటుంది. నవ్వులు వింటూ పోయాడు, ఆయన కోరుకునే చావు అంతకంటే ఏముంటుంది, అని. ఇది మనకీ బాగా అలవాటైన మాటే. మన నటులు ఎంతమంది ఇంటర్వ్యూల్లో ముఖానికి రంగు ఉండగానే పోవాలి అని చెప్పలేదు? అనాయాస మరణం మన పెద్దవాళ్లు దేవుణ్ని అడిగే కోరికల్లో ముందుండేది. కానీ కూపర్‌ది అనాయాసమని ఎవరు చెప్పారు? ఆయన ఊపిరి కోసం తన్నుకున్నాడు. ఆ నవ్వు ఆయన చెవికి ఓదార్పుగా వినిపించిందో, గోడలా వినిపించిందో చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయన లేడు. నవ్వుతూ పోయాడు అనుకుంటే బాధ తగ్గేది మనకి. ఒక మనిషి ఆఖరి క్షణాలని మన సౌకర్యం కోసం అందంగా తిరగరాయడం నాకు ఆ రాత్రి నవ్వుకంటే పెద్ద తప్పులా కనిపిస్తుంది. అప్పుడు వాళ్లకి తెలియదు. మనకి తెలుసు.

ఇంకో కమెడియన్ ఎరిక్ మోర్కమ్ దీన్ని వేరేగా చూశాడంటారు. మోర్కమ్ అండ్ వైజ్ జంటలో పొడుగాయన, బ్రిటిష్ టీవీలో అంతకంటే ప్రియమైనవాళ్లు లేరంటే అతిశయోక్తి కాదు. కూపర్ పోయిన ఆరు వారాలకి ట్యూక్స్‌బరీలోని రోజెస్ థియేటర్లో మాట్లాడుతూ, కూపర్ లాగా పోవడం తనకి ఇష్టం లేదని అన్నాడట. చప్పట్ల కోసం పదే పదే స్టేజీ మీదికి వచ్చి వెళ్లి, పక్క తెరల చాటుకి చేరాక కుప్పకూలాడు. మర్నాడు తెల్లవారకముందే పోయాడు. 58 ఏళ్లు. కనీసం ఎవరూ నవ్వలేదు.

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. ప్రకటనలయ్యాక కార్యక్రమం ఆగలేదు. కూపర్‌ని వెంటనే కదిలించలేకపోయారు. తెర వేసి, వెనకాల ఆయన్ని బతికించే ప్రయత్నం చేస్తుంటే, తెర ముందు మిగిలిన ఇరుకు జాగాలో లెస్ డెనిస్, డస్టిన్ గీ వచ్చి తమ కామెడీ చేసి వెళ్లారు. హాస్యానికీ కరుణకీ పొసగదని, రెండూ ఒకచోట ఇమడవని మన ఆలంకారికులు రాశారు. విశ్వనాథుడి జాబితాలో అవి విరోధులు. ఆ రాత్రి వాటి మధ్య ఉన్నది ఒక గుడ్డ తెర. ఆ ఇద్దరూ చేసింది సరైనదేనా అంటే, నాకు వాళ్లని తప్పుపట్టడానికి మాట రావట్లేదు. ఆపి, హాలు ఖాళీ చేయించి ఉండొచ్చు. కానీ ప్రత్యక్ష ప్రసారంలో, విషయం ఇంకా తేలని ఆ నిమిషాల్లో, పైనుంచి వెళ్లమన్నారు, వెళ్లారు. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిన రాత్రి నిర్ణయాల్ని మర్నాడు మీటింగ్ గదిలో కాఫీ తాగుతూ విమర్శించేవాళ్లని చాలామందిని చూశాను. ఆ వరసలో చేరాలని లేదు.

ఆయనలోని మంచీ చెడూ కూడా చెప్పకపోతే ఇది శ్రద్ధాంజలి పత్రిక అయిపోతుంది. కూపర్ విపరీతంగా తాగేవాడు. భార్య గ్వెన్ ఉండగానే తన స్టేజీ సహాయకురాలు మేరీ కేతో 17 ఏళ్లు ఇంకో జీవితం గడిపాడు. ఇంట్లో చెయ్యి చేసుకునేవాడన్న ఆరోపణలున్నాయి. పిసినారి అని కూడా పేరు. టాక్సీ దిగేటప్పుడు డ్రైవర్ జేబులో ఏదో దూర్చి, దీంతో ఏమైనా తాగు, అనేవాడట. అతను తర్వాత చూసుకుంటే టీ బ్యాగు. చెప్పుకోవడానికి అద్భుతమైన జోకు. ఆ పూట టిప్పు లెక్కేసుకున్న డ్రైవర్‌కి ఎలా ఉండేదో వేరే చెప్పాలా. ఇవన్నీ తెలిశాక నాకు ఆయన మీద అభిమానం పోలేదు, అలా అని ఇవి చిన్న విషయాలూ కాలేదు. రెంటినీ కూడి తీసివేసి ఒక మొత్తం తేల్చాలని కొందరు పట్టుబడతారు. ఆ లెక్క నాకు రాదు, రావాలనీ లేదు. గ్వెన్ బాధకి నా నవ్వు జవాబు కాదు. నా నవ్వు ఆమెని అడిగి రాదు.

ఇక ఆ వీడియో. కూపర్ పడిపోయిన ఆ దృశ్యం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఆయన పేరు కొట్టగానే మిగతా వాటితో పాటు అదీ వస్తుంది. నేను చూడలేదు. పైన రాసిందంతా చూసినవాళ్లూ, అక్కడున్నవాళ్లూ చెప్పినదాన్ని బట్టే. ఇదేదో మడి కట్టుకోవడం అనుకోకండి. నా వాదన మామూలుగా ప్రోగ్రాం రాసే ఎవరికైనా అర్థమయ్యేదే. ఫంక్షన్ అదే, ఇన్‌పుట్ అదే, కానీ లోపలి స్టేట్ వేరైతే వచ్చే ఫలితం వేరు. 1984లో ఆ దృశ్యం చూసినవాడు టామీ కూపర్‌ని చూశాడు. ఇప్పుడు నేను చూస్తే ఒక మనిషి చావుని చూస్తాను. వాళ్ల నవ్వు నాకు సాధ్యం కాదు. మిగిలేది ఒక్క కుతూహలం. అది ఆయనతో ఏ ఒప్పందంలోనూ లేనిది. ఆయన మన ముందు పడతానని ఒప్పుకున్నాడు, లేవలేకపోతే చూసుకోండి అని ఒప్పుకోలేదు.

తెలుసుకోవడం కోసం చూడొచ్చు కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. చరిత్ర రాసేవాళ్లు, ప్రత్యక్ష ప్రసారాల బాధ్యత చూసేవాళ్లు చూడాలేమో, వాళ్లకో పని ఉంది. నాకున్న పని ఆయన్ని చూసి నవ్వడం. దానికి సరిపడా సరుకు ఆ ఒక్కటి తప్ప మిగతా వాటన్నిటిలోనూ ఉంది.

కూపర్‌ని మొదటిసారి చూసేవాళ్లకి నేను పంపేది టోపీల ముక్క. స్టేజీ మీద ఒక పెట్టె నిండా టోపీలు. బార్‌లో జరిగే ఒక కథ గంభీరంగా చెప్పడం మొదలుపెడతాడు. ఒక్కో పాత్ర మాట్లాడినప్పుడు ఆ పాత్ర టోపీ తీసి పెట్టుకోవాలి, ఆ గొంతులో మాట్లాడాలి. మొదట బాగానే వెళ్తుంది. కథ వేగం అందుకునేసరికి చెయ్యి పెట్టెలో తడుముతుంటుంది, కావలసిన టోపీ దొరకదు. ఒకరి మాట ఇంకొకరి టోపీతో చెప్పేస్తాడు. ఆగి, నెత్తి మీద ఏముందో గుర్తు రాక, చేత్తో తడిమి చూసుకుంటాడు. ఇప్పుడు తనెవరో ఆయనకే తెలియదు. మనకేసి ఒక చూపు చూస్తాడు, మీకేమైనా తెలుసా అన్నట్టు. పక్కన టీ కప్పు ఉంటే కాస్త దూరంగా పెట్టుకుని చూడండి.